ఓడలోంచి చూడాల్సిన ఆస్పత్రి

ఆస్పత్రి అనగానే రోగి గుర్తుకు రావడం మన బుర్రల్లో ఉన్న పెద్ద లోపం. ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర, నెట్లీ తీరాన రాయల్ విక్టోరియా ఆస్పత్రి కట్టినవారికి ఆ లోపం లేదు.

క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని పరామర్శించడానికి విక్టోరియా రాణి 1855లో చాతం పట్టణంలోని సైనిక ఆస్పత్రికి వెళ్లారు. అక్కడి వార్డుల కిటికీలు మరీ ఎత్తున ఉన్నాయనీ, బయటికి చూసే వీలే లేదనీ నొచ్చుకుని యుద్ధమంత్రి పాన్‌మ్యూర్ ప్రభువుకు ఉత్తరం రాశారు. 1856 మే 19న నెట్లీలో శంకుస్థాపన కూడా ఆవిడ చేతులమీదుగానే జరిగింది. పొడవు పావు మైలు! ఈసారి కిటికీలకు కొదవ చేయలేదు. నీటివైపు బారులు తీర్చి పెట్టారు. కాకపోతే అవి నడవాలకు. ఎండా, సముద్రపు గాలీ నడవాలకు. పెరటి దర్శనం వార్డులకు.

తప్పేముంది? మంచాన పడ్డవాడు ఎటూ కళ్లు మూసుకునే ఉంటాడు. తనిఖీకొచ్చే దొరలు నడిచేది నడవాలో కదా!

క్రిమియా నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఫ్లోరెన్స్ నైటింగేల్ మాత్రం ప్లాను చూసి గగ్గోలు పెట్టారు. వార్డులు విడివిడిగా ఉండాలట, రెండువైపులా కిటికీలట, గాలి ఇటునుంచి అటు ఆడాలట. (ఆ యుద్ధకాలంలో తాను పనిచేసిన స్కుటారీ సైనిక ఆస్పత్రిలో సైనికులు గుట్టలుగా చచ్చిపోవడం చూసినవారికి ఇలాంటి చాదస్తాలు పట్టుకోవడం సహజమే.) ప్రధాని పామర్‌స్టన్ సైతం ఆవిడ మాటల్లో పడి, నీటిమీంచి చూసేవాళ్ల దగ్గర డాబు కొట్టడానికే ఈ శిల్పి రోగుల సుఖాన్ని బలిపెట్టాడని రాసేశారు. నిందలా రాశారు గానీ, ఆ భవనానికి అంతకంటే నిక్కమైన యోగ్యతాపత్రం మరొకటి లేదు. అయితే అప్పటికే పని మొదలైంది, కాంట్రాక్టులు ఇచ్చేశారు. కాంట్రాక్టు ఇచ్చాక మనసు మార్చుకోవడం ఏ ప్రభుత్వానికీ మర్యాద కాదు. 1863లో తలుపులు తెరిచారు.

పైన పటారం, లోన లొటారం అని ఎకసెక్కాలాడేవాళ్లు జెట్టీ సంగతి కూడా తెలుసుకోవాలి. ఓడల్లో వచ్చే క్షతగాత్రుల్ని నేరుగా దించుకోవచ్చనే కదా ఒడ్డున కట్టింది. తీరా జెట్టీ వేస్తే, అది లోతునీటిదాకా పోలేదు. పెద్ద ఓడలు దాని దరికి రాలేకపోయాయి. అంటే, ఆ భవనాన్ని ఎక్కడినుంచి చూడాలో అక్కడే రోగిని నిలబెట్టారన్నమాట.

మన సికింద్రాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. ఇండియన్ మెడికల్ సర్వీసుకు ఎంపికైన డాక్టర్లకు నెట్లీలోనే శిక్షణ. 1881లో అక్కడ నేర్చుకున్న రోనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. చెడుగాలి వల్ల జ్వరాలొస్తాయన్న పాత నమ్మకానికి అక్కడితో నీళ్లొదిలారు. నైటింగేల్ గాలి గాలి అని మొత్తుకున్న ఆస్పత్రి, తన విద్యార్థి చేత నలభై ఏళ్ల తర్వాత ఆవిడకు ఇలా జవాబు చెప్పించింది. వార్డుల్లో ఉక్కపోత తగ్గిందా అని మాత్రం అడక్కండి.

రెండో ప్రపంచయుద్ధంలో దిగిన అమెరికన్లు ఆ నడవాల్లో జీపులు తోలారని చెప్పుకుంటారు. నడవా అసలు విలువ తెలిసినవాళ్లు! 1963లో మంటలంటుకున్నాయి, 1966లో పడగొట్టేశారు. ప్రార్థనా మందిరాన్ని మాత్రం ఉంచారు. చుట్టూ ఇప్పుడు పార్కు. వార్డుల్లేవు, రోగుల్లేరు, గాలి ఇటునుంచి అటు ధారాళంగా వీస్తోంది.