జులై దాటేదాకా నాలుగో తరగతి పుస్తకం తెరవొద్దు

బడులు తెరిచిన వారానికల్లా నాలుగో తరగతి గదిలో వార్షిక ప్రణాళిక సిద్ధంగా ఉంటుంది. జూన్‌లో ఇన్ని పాఠాలు, జులైలో ఇన్ని. మొదట్లో సంసిద్ధత పేరుతో పాత తరగతి అంశాలకు కొన్ని రోజులు కేటాయిస్తారు. ప్రవేశాల ప్రచారం, పుస్తకాల పంపిణీ, యూనిఫాం కొలతలు, ఆన్‌లైన్‌లో వివరాల నమోదు అన్నీ ఆ రోజుల మీదే పడతాయి. తెలంగాణలో అయితే జులై ముగిసేలోపే ఏడాదిలో మొదటి పరీక్ష ఎఫ్‌ఏ-1 కూడా వచ్చేస్తుంది. ఈ తంతు అందరికీ తెలిసిందే. నేను అనేది ఒక్కటే. జూన్ 12 నుంచి జులై ఆఖరు వరకు నాలుగో తరగతిలో కొత్త పాఠం మొదలుపెట్టకూడదు. ఆ ఆరేడు వారాలూ చదవడానికి, నాలుగు లెక్కలు అర్థం చేసుకోవడానికే ఇవ్వాలి.

నాలుగో తరగతే ఎందుకు? మూడో తరగతి దాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు. నాలుగు నుంచి చదివి నేర్చుకోవాలి. అమెరికాలో హార్వర్డ్ ఆచార్యురాలు జీన్ చాల్ దశాబ్దాల కిందటే ఈ మలుపును గుర్తించారు. అక్కడి పేద పిల్లలు సరిగ్గా ఈ తరగతి దగ్గరే జారిపోతున్నారని చూపించారు. మన లిపి ఇంగ్లిష్ అంత మొండిది కాదు, రాసినట్టే పలుకుతాం. ఆ సౌలభ్యం ఉండి కూడా మన పిల్లలు ఒత్తుల దగ్గర ఆగిపోతున్నారు. ‘అమ్మ’ను బొమ్మలా గుర్తుపట్టే పిల్లవాడు ‘నిమ్మ’ దగ్గర తడబడతాడు. ఇక ‘నక్షత్రం’ అతనికి నిజంగానే ఆకాశంలో ఉంటుంది. పరిసరాల విజ్ఞానం పుస్తకంలో అలాంటి మాటలు వరసకు రెండు. పైగా టీచర్ ఒక వాక్యం చదివితే ముప్పై గొంతులు కలిసి పలుకుతాయి. అందులో చదవలేని గొంతు ఏదో ఎవరికి వినపడుతుంది?

పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27 శాతం. అయిదో తరగతిలో చూసినా సగం మందికి రావడం లేదు. ఈ రెండు అంకెల మధ్య నలిగేదే నాలుగో తరగతి.

లెక్కల సంగతి ఇంకా ఆసక్తికరం. ‘నాలుగు వందల మూడు’ రాయమంటే 4003 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. నాలుగు వందలు రాసి పక్కన మూడు పెట్టారు, వాళ్ల తర్కం వాళ్లది! 403లో 158 తీసేయమంటే 355 వస్తుంది. ఎనిమిదిలోంచి మూడు, అయిదులోంచి సున్నా, నాలుగులోంచి ఒకటి తీశారు. పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలన్న నియమాన్ని నిజాయతీగా పాటించారు. పదుల ఇంట్లో సున్నా ఉంటే అప్పు కోసం వందల ఇంటిదాకా వెళ్లాలని వాళ్లకు పుల్లల కట్టలు విప్పి ఎవరూ చూపలేదు. మనం మాత్రం ఆ 355 మీద ఎర్ర గీత కొట్టి వేల స్థానాల్లోకి వెళ్లిపోతాం. గీత కొట్టడానికి క్షణం చాలు, ఆ పిల్ల ఎందుకలా చేసిందో వినడానికి పది నిమిషాలు కావాలి. నేనడిగే ఆరేడు వారాలు ఆ పది నిమిషాల కోసమే.

సిలబస్ వెనకబడుతుందని, బాగా చదివే పిల్లలు విసుగెత్తిపోతారని, పక్కనున్న ప్రైవేటు బడిలో మూడో పాఠం నడుస్తుంటే తల్లిదండ్రులు ఊరుకోరని అంటారు. చివరిది నిజమే. కానీ చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు కనీసం 200 పనిదినాలు ఉండాలి. అందులో ఓ నలభై ఇటు మళ్లించినా మిగిలిన రోజుల్లో చదవగలిగిన పిల్లలు పాఠాలను అందుకోగలరు. చదవలేని పిల్లలకు 200 రోజులూ వృథాయే. బాగా చదివేవారికి అల్మారాలో తాళం పడి ఉన్న కథల పుస్తకాలు ఇవ్వండి. హర్యానాలో మూడు నుంచి అయిదో తరగతి పిల్లలను రోజూ ఒక గంట తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. వాళ్ల చదువు మెరుగుపడిందని పరిశోధకులు లెక్కగట్టి చెప్పారు.

నన్ను అసలు వేధించేది మరొకటి. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులను వరసగా చెబుతుంది. నిర్ణీత కాలంలో మొత్తం పాఠ్యప్రణాళికను పూర్తి చేయాలన్నది ఒక విధి. ప్రతి పిల్లవాడి సామర్థ్యాన్ని అంచనా వేసి అవసరమైతే అదనంగా బోధించాలన్నది దాని వెంటనే ఉన్న మరో విధి. తనిఖీకి వచ్చే అధికారి మొదటిదే అడుగుతారు, ఎందుకంటే దానికి రిజిస్టర్‌లో గడి ఉంది. మన పాలనంతా ఇంతే. చెరువు పూడిక తీశారా అంటే ‘పనులు పూర్తయ్యాయి’ అంటారు, నీళ్లు నిలిచాయా అన్నది ఏ ఫారంలోనూ ఉండదు. మరుగుదొడ్డి కట్టినట్టు ఫొటో అప్‌లోడ్ అయితే చాలు, అందులో నీళ్లు వస్తున్నాయో లేదో తర్వాతి సంగతి. ‘పూర్తయింది’ అన్న మాటకు మన దస్త్రాల్లో ఉన్న పరపతి మరే మాటకూ లేదు. గుత్తేదారు బిల్లుకు పనికొచ్చిన ఆ మాటనే తెచ్చి తొమ్మిదేళ్ల పిల్లల చదువుకూ తగిలించాం. ఉపాధ్యాయులను తప్పుపట్టి లాభం లేదు. రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, ఫోనులో హాజరు నమోదు చేస్తూ, తనను దేనితో కొలుస్తారో దానికే ఎవరైనా సమయం ఇస్తారు.

కాబట్టి కొలత మార్చండి. ఆగస్టు మొదటి వారంలో అధికారి బడికి వస్తే పాఠాల పట్టిక పక్కన పెట్టాలి. వెనక వరసలో కూర్చున్న పిల్లను పిలిచి ముందెన్నడూ చూడని నాలుగు వాక్యాలు చదివించాలి. బోర్డు మీద 403 వేసి, కింద 158 రాసి సుద్దముక్క చేతికివ్వాలి. 355 వస్తే కోప్పడకుండా, ఎలా చేశావమ్మా అని అడగాలి.