ఒక్క ముక్కకి ఏమవుతుంది?

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్ళేవాళ్ళ చేతిలో ఆసుపత్రివాళ్ళు ఒక కాగితాల కట్ట పెడతారు. మొదట్లో నీళ్ళలాంటివి ఎన్నాళ్ళు తాగాలి, మెత్తగా చేసినవి ఎప్పుడు మొదలుపెట్టాలి, గట్టి పదార్థం నోట్లో పెట్టుకోవడానికి ఎన్ని వారాలు ఆగాలి, అన్నీ అందులో ఉంటాయి. అసలైన పేజీ ఒక్కటే ఉండదు. “ఒక్క ముక్కకి ఏమవుతుంది?” అంటూ ప్లేటు పట్టుకుని ఎదురొచ్చే మనిషిని ఎలా తప్పించుకోవాలో ఎవరూ రాయలేదు. ఈ ఆపరేషన్ల చరిత్ర 1954 నాటిది. అప్పట్లో పొట్ట మీద పెద్ద కోత పెట్టేవారు. ఇప్పుడు నాలుగైదు చిన్న రంధ్రాలు, లోపలికో కెమెరా, అంతే. శస్త్రచికిత్స ఇంత ముందుకెళ్ళింది గానీ ఒక్కముక్కవాదికి మాత్రం ఇంతవరకు విరుగుడు కనిపెట్టలేదు.

ఆయన మీకు తెలుసు. ఆవిడా తెలుసు. వీళ్ళది చాలా పటిష్ఠమైన సిద్ధాంతం. ప్రేమగా పెట్టినదాంట్లో కేలరీలు ఉండవు. పుట్టినరోజు నాడు తిన్నది లెక్కలోకి రాదు. నిలబడి తిన్నది అసలు తిన్నట్టే కాదు. పక్కవాళ్ళ ప్లేట్లోంచి తీసుకున్నది పక్కవాళ్ళ ఖాతాలో పడుతుంది. పారేయాల్సి వస్తుందని తిన్నది పుణ్యం ఖాతాలో పడుతుంది. ఇక రేపటి నుంచి మానేద్దామనుకుని ఇవాళ తిన్నదానికి ఏకంగా మైనస్ మార్కులు, అంటే తిన్నకొద్దీ తగ్గుతారు.

ముక్కంటే ఎంత అని అడిగితే మాత్రం వీళ్ళ దగ్గర కొలత లేదు. మా తమ్ముడి దగ్గర ఉంది. వాడికి చేసింది గ్యాస్ట్రిక్ బైపాస్. జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే సంచి ఒకటి మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలిపేశారు. దగ్గుమందు సీసా మూతతో కొలిస్తే మూడు మూతలు. (స్లీవ్ అని ఇంకో రకం ఉంది. అందులో జీర్ణాశయాన్ని నాలుగింట మూడు వంతులకు పైగా కోసి బయటికే తీసేస్తారు. మిగిలేది ఒక సన్నటి గొట్టం.) కాలం గడిచేకొద్దీ ఆ సంచి కొంత సాగుతుంది, నిజమే. అయినా మా పెద్దత్తయ్య ‘ఒక్క ముక్క’ అని వడ్డించే కేకు అందులో పట్టాలంటే ముందు ఆ కేకుకి ఆపరేషన్ చెయ్యాలి.

మొన్నామధ్య వాళ్ళింట్లోనే విందు. తమ్ముడు ఒక గుడ్డు, చిన్న చికెన్ ముక్క ప్లేట్లో పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. ముందు ప్రోటీన్ తినాలి. రోజు మొత్తానికి 60 నుంచి 80 గ్రాములు ఒంటికి పట్టించాలి. మెత్తగా అయ్యేదాకా నమలాలి. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక కూడా అరగంట ఆగాలి. వాడి పని వాడు చేసుకుంటున్నాడు. ఎవరి జోలికీ పోలేదు. ఐదు నిమిషాల్లో విచారణ సంఘం సమావేశమైంది.

అధ్యక్షత పెద్దత్తయ్యది. సభ్యులు బావగారు, ఇద్దరు పిన్నులు, ఎవరూ పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్న పక్కింటాయన.

“అదేంటి నాన్నా, ఆ కాస్తేనా?”

“సరిపోతుంది అత్తయ్యా.”

“ఏం సరిపోతుంది? ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకా ఈ పథ్యమేంటి? పథ్యమే చేసేవాడివైతే ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నట్టు?”

ఇంత పకడ్బందీ తర్కానికి సభ మొత్తం తల ఊపింది. తమ్ముడు నోట్లో ముద్ద ఉండగా జవాబు చెప్పలేడు కాబట్టి అది ఒప్పుకున్నట్టే నమోదైంది. బావగారు ఇంజనీరు. ఆయన సందేహాలు సాంకేతికంగా ఉంటాయి. “మిగతా కడుపుని తీసెయ్యలేదు, పక్కన పెట్టారు, అంతేగా? అదలా ఖాళీగా పడుంది కదా. పైన నిండిపోయినప్పుడు కొంచెం అందులో సర్దుకోవచ్చుగా?” అన్నారు. చిన్నపిన్నికి కుట్ల భయం. “ఎక్కువ నవ్వకురా, ఊడతాయేమో” అంది. వాడు నవ్వి చాలాకాలమైందన్న సంగతి ఆవిడ గమనించినట్టు లేదు. రెండో పిన్ని మాత్రం పూర్తిగా గణాంకాల మనిషి. “పద్దెనిమిది... పంతొమ్మిది... ఇంకా మింగలేదు వదినా” అని ఎప్పటికప్పుడు సమాచారం అందిస్తోంది.

పక్కింటాయన దగ్గర సాక్షి ఉన్నాడు. ప్రతి పక్కింటాయన దగ్గరా ఉంటాడు. “మా ఆఫీసులో ఒకతని బావమరిది ఇదే ఆపరేషన్ చేయించుకున్నాడండీ. శుభ్రంగా అన్నీ తింటాడు. ఏమీ కాలేదు.” ఆ బావమరిది ఊరూ పేరూ ఎవరికీ తెలియవు. వైద్యశాస్త్రం మీద మాత్రం ఆయన సాక్ష్యానికి తిరుగులేదు.

అప్పుడు ఐస్‌క్రీం వచ్చింది.

“ఇది ముక్క కూడా కాదు నాన్నా. నోట్లో పెడితే కరిగిపోతుంది. వెళ్ళినట్టు కడుపుకి తెలియను కూడా తెలియదు.”

ఇక్కడ అత్తయ్యని మెచ్చుకోక తప్పదు. డైటీషియన్లు గంటల తరబడి క్లాసు తీసుకుని చెప్పే విషయాన్ని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. ఐస్‌క్రీం, మిల్క్‌షేక్, చిప్స్, బిస్కెట్లు ఆ చిన్న సంచిలో ఎక్కువసేపు ఆగవు, జారిపోతాయి. గుడ్డు ముప్పావు తినేసరికే చాలనే కడుపు, గిన్నెడు ఐస్‌క్రీంకి అడ్డు చెప్పదు. పొద్దుటి నుంచి రాత్రిదాకా ఇలాంటివి కాస్త కాస్త నోట్లో వేసుకుంటూ పోతే ఎంత మంచి ఆపరేషన్‌నైనా బోల్తా కొట్టించొచ్చు. డైటీషియన్లు దీన్ని ప్రమాదమని చెబుతారు. అత్తయ్య సదుపాయమని చెప్పింది. తేడా అంతే.

గొడవెందుకని తమ్ముడు నాలుగు చెంచాలు తిన్నాడు. పావుగంటకి మొహం మీద చెమటలు పట్టాయి. గుండె దడ. కడుపులో మెలిపెట్టి బాత్రూంలోకి పరిగెత్తాడు. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ అయినవాళ్ళకి తీపి పదార్థం ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగితే, అది చుట్టుపక్కల నీరంతా పేగులోకి లాగుతుంది. కాగితాల కట్టలో పెద్ద అక్షరాలతో రాసి ఉన్న సంగతే. కానీ సంఘం బాత్రూం తలుపు దగ్గర నిలబడి మూడు నిమిషాల్లో ఏకగ్రీవంగా తీర్పు రాసేసింది.

“వాడికి ఆపరేషన్ పడలేదు.”

“పొద్దుటి నుంచీ ఏమీ తినకపోతే కళ్ళు తిరగవా మరి?”

తమ్ముడు గోడ పట్టుకుని బయటికొచ్చేసరికి అత్తయ్య చేతిలో ఇంకో కప్పు ఉంది. నీరసానికట.

ఈ సంఘం ముందు మా వాడి కేసు కొత్తది కాదు. ఆపరేషన్‌కి ముందు ఇదే సంఘం “నోరు కట్టుకుంటే సరిపోయేదానికి కత్తెందుకు?” అని తీర్పు చెప్పింది. ఆపరేషన్ అయ్యాక “అడ్డదారిలో తగ్గాడు” అంది. బరువు బాగా తగ్గిన రోజుల్లో “మొహంలో కళ పోయింది, ఇంక చాలు ఆపెయ్యి” అని సలహా ఇచ్చింది. వాడు డైటు పాటిస్తే “ఒక్క ముక్కకి ఏమవుతుంది?” పాటించకపోతే “అంత ఖర్చుపెట్టి ఏం లాభం?” ఒకే నోరు, ఒకే సోఫా, ఒకే మనిషి మీద. మగవాళ్ళ శాఖ ఒకటి ఉంది, వాళ్ళది “ఒక్క పెగ్గుకి ఏమవుతుంది?” అనే పాఠాంతరం. బైపాస్ తర్వాత మద్యం మామూలు కంటే వేగంగా, ఎక్కువగా రక్తంలో కలుస్తుందనీ, రెండో ఏడాది నుంచి తాగుడు సమస్యలు పెరుగుతున్నాయనీ డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నారు. శాఖ వారికి అది ఒకే పెగ్గుతో రెండు పెగ్గుల లాభంలా వినిపించింది.

మూడో ఏడు తమ్ముడికి కొన్ని కిలోలు వెనక్కొచ్చాయి.

సంఘం పండగ చేసుకుంది. “నేను అప్పుడే చెప్పాను” అని బావగారు. “సంకల్పబలం లేదు” అని పక్కింటాయన, చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేస్తూ. నిజానికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, స్వీడన్‌వాళ్ళు ఎప్పుడో కొలిచి పెట్టారు. 1987లో మొదలైన వాళ్ళ అధ్యయనం వేలమందిని ఏళ్ళ తరబడి వెంబడించింది. ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండేళ్ళలో బరువు అడుగుకి చేరింది, తర్వాత కొంత పెరిగింది, అక్కడ నిలబడింది. పదేళ్ళ తర్వాత చూస్తే బైపాస్ అయినవాళ్ళు మొదటి బరువు కంటే ఇంకా 25 శాతం తక్కువే ఉన్నారు. ఆపరేషన్ లేకుండా మామూలు సలహాలతో నెట్టుకొచ్చినవాళ్ళు ఎక్కడున్నవాళ్ళు దాదాపు అక్కడే ఉన్నారు. ఆపరేషన్ అయినవాళ్ళలో మరణాలు కూడా తక్కువ. తగ్గిన ఒళ్ళు పొదుపు నేర్చుకుంటుంది, తక్కువ ఖర్చు చేస్తుంది, పోయిన బరువుని వెనక్కి లాక్కోవడానికి చూస్తుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను జీర్ణాశయంలో తయారవుతుందని 1999లో కనిపెట్టారు. ఆకలంటే నాలుక కొవ్వని నమ్మే బావగారికి ఆ వార్త ఇంకా అందలేదు.

సరే, ఇంతదాకా నవ్వుకున్నాం. ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు.

ఆ కిలోలు వచ్చాక తమ్ముడు చెకప్‌కి వెళ్ళడం మానేశాడు. ఇంట్లో చెప్పలేదు. టాబ్లెట్లు కూడా ఒక్కొక్కటే వదిలేశాడు. బైపాస్ తర్వాత బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి, ఎందుకంటే పేగుల దారి మారాక తిండిలోంచి అవి సరిగా ఒంటికి పట్టవు. బి12 నిల్వ ఒంట్లో చాలాకాలం వస్తుంది కాబట్టి మానేసిన వెంటనే ఏమీ తెలియదు. తెలిసింది ఎప్పుడంటే, ఒకరోజు చెప్పు కాల్లోంచి జారిపోయి వెనక గదిలోనే ఉండిపోతే, వాడు ఒక్క చెప్పుతో వీధిలోకి వెళ్ళిపోయాడు. తెలియలేదట. అరికాళ్ళలో తిమ్మిరి ఎన్నాళ్ళుగానో ఉందట. మరి డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదురా అని నేను అరిచాను.

“వెళ్తే ముందు బరువు చూస్తారు కదా” అన్నాడు.

ఆ సిగ్గు వాడితో పుట్టింది కాదు. విందు విందుకీ, కప్పు కప్పుకీ మీరు వడ్డించింది. మనిషికి నరాలు చచ్చుబడుతుంటే బరువు చూసే మిషను ఎక్కడానికి భయపడేలా చేశారు. ఇది ఇంకా నయం. కొందరికి వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బి1 తరిగిపోయి, వెంటనే వైద్యం అందకపోతే మెదడు శాశ్వతంగా దెబ్బతింటుంది. అలాంటి మనిషిని కూడా “ఆపరేషన్ పడలేదు, మత్తుగా ఉన్నాడు” అని పడుకోబెట్టే ఘనులు మీరు. 2013లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ స్థూలకాయాన్ని జబ్బుగా గుర్తించింది. మీ దృష్టిలో అది ఇప్పటికీ ఒక అలవాటు, ఒక జోకు, టైంపాస్. షుగరు పెరిగినవాణ్ణి “సంకల్పబలం లేదు” అని నలుగురిలో నిలదీస్తారా?

ఆసుపత్రుల ప్రకటనలకీ ఇందులో వాటా ఉంది. ముందు ఫొటో, తర్వాత ఫొటో. ఆ ‘తర్వాత’ ఫొటో ఎప్పుడూ మొదటి ఏడాదిదే, ప్యాంటు నడుముని చేత్తో ముందుకు లాగి చూపిస్తూ. అయిదో ఏడు ఫొటో ఎవరైనా చూశారా? ఆ ఫొటోలో కనిపించేది అంత ఆకర్షణగా ఉండదు. గళ్ళ డబ్బాలో సర్దుకున్న టాబ్లెట్లు. ఐరనూ కాల్షియమూ ఒకేసారి వేసుకోకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియం కూడా మొత్తం ఒకేసారి కాదు, విడతలు విడతలుగా. అందుకని మీటింగ్ మధ్యలో మోగే అలారం. సాయంత్రం వర్షమైనా వరండాలో అటూ ఇటూ నడక. గుడ్డు ముక్కని ఫోర్కుతో ఇంకో రెండు ముక్కలు చేసుకుని కూర్చునే ఓపిక. వీటికి చప్పట్లు ఉండవు, ఎవరూ సెల్ఫీ అడగరు. తమ్ముడు మళ్ళీ మొదలుపెట్టింది ఇదే. బి12 ఇంజెక్షన్లు పడ్డాయి, కాళ్ళు చాలావరకు తేరుకున్నాయి. డాక్టరు వాణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. “ఇన్నాళ్ళు ఎందుకు రాలేదు?” అని కూడా అడగకుండా “వచ్చారు, మంచిది” అని రక్తపరీక్షలు రాశారు.

వచ్చేవారం మళ్ళీ పరీక్షలున్నాయి. ఈ కబురు పెద్దత్తయ్యకి ఎలా చేరిందో చేరింది, నిన్న రాత్రి ఫోన్ చేసింది.

“పరగడుపున వెళ్ళాలటగా? పాపం. తిరిగొచ్చేటప్పుడు ఇటు రా నాన్నా, కడుపునిండా తిని వెళ్దువుగాని.”