గ్యాసు మత్తుతో గుండె ఆపరేషన్ మరణాలు సగమవుతాయా?

"గుండె ఆపరేషన్‌కు గ్యాసు మత్తే కావాలని పట్టుబట్టండి. మరణాలు సగానికి తగ్గుతాయి. సూది మత్తు గుండెను దెబ్బతీస్తుంది." ఈ సందేశం చాలామంది చేతులు మారుతోంది. అందులో కొంత నిజం ఉండబట్టే జనం నమ్ముతున్నారు.

"ప్రయోగాల్లో రుజువైంది." అవును, కుక్కల్లో, కుందేళ్లలో. గుండెకు కాసేపు రక్తం ఆపే ముందు ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాసు ఇస్తే తక్కువ కండరం చచ్చిపోతుందని 1997లో చూపించారు. కణాల్లోని పొటాషియం ద్వారాలు తెరుచుకోవడం వల్ల ఆ రక్షణ. కానీ అవి జబ్బులేని జంతువులు. బైపాస్‌కు వచ్చేవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. షుగర్‌కు వాడే గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర సరిగ్గా ఆ ద్వారాలనే మూసేస్తుంది.

"మరణాలు సగం." చిన్న చిన్న అధ్యయనాలను కలిపి 2013లో కట్టిన లెక్క ఇది: 2.6 శాతం నుంచి 1.3కి. దాని సంగతి తేల్చడానికే మైరియడ్ అనే పెద్ద ట్రయల్ జరిగింది. 13 దేశాలు, 36 ఆసుపత్రులు, 5,400 మంది బైపాస్ రోగులు. 2019లో ఫలితం వచ్చింది: ఏడాదిలోపు మరణాలు గ్యాసు వర్గంలో 2.8 శాతం, సూది వర్గంలో 3.0. నెలలోపు చూస్తే 1.4, 1.3. అసలు 10,600 మందిని చేర్చాలనుకున్నారు. మధ్యలో లెక్క చూసి, ఇక తేడా కనబడే ఆశ లేదని ఆపేశారు. ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? కాకపోతే ఇదంతా ముందే తేదీ పెట్టుకుని చేసిన బైపాస్‌ల సంగతి. ఎమర్జెన్సీ కేసులకు దీన్ని యథాతథంగా అంటగట్టకూడదు.

"సూది మత్తు దెబ్బతీస్తుంది." నరంలోకిచ్చే మత్తుమందు ప్రొపోఫాల్ గబుక్కున ఎక్కిస్తే బీపీ పడిపోతుంది. మోతాదు ఎక్కువైతే మత్తు గ్యాసు సెవోఫ్లూరేన్‌తోనూ పడిపోతుంది.

"గ్యాసే అడగండి." అసలు ఒకే ఆపరేషన్‌లో రెండూ వాడటం మామూలే. నరంలో సూదితో నిద్రపుచ్చి, ఆపైన గ్యాసు పెడతారు. గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్-లంగ్ మెషీన్ మీదికి వెళ్లాక ఊపిరితిత్తులకు పని ఉండదు. అప్పుడు గ్యాసును మెషీన్‌లోని ఆక్సిజనేటర్ (రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగం) గుండా పంపాలి, లేదా ప్రొపోఫాల్ డ్రిప్ పెట్టాలి. ఐసీయూకి వెళ్లే దారిలోనూ ఎక్కువగా ప్రొపోఫాలే.

మత్తు డాక్టర్‌కు చెప్పాల్సిన మాట వేరే ఉంది. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు కండరాలు బిగుసుకుపోయి జ్వరంతో ఒళ్లు కాలిపోయిందా? మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అనే ఈ వంశపారంపర్య లక్షణం ఉన్నవారికి ఈ మత్తు గ్యాసులే ప్రాణాంతకం.