ఎవరికీ అక్కర్లేని వాటిలోనే విశాఖ వ్యాపారం

విశాఖలో ఈమధ్య ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా డేటా సెంటర్ల మాటే. 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, అంతకుముందు రుషికొండలో టీసీఎస్‌కు 99 పైసలకు కేటాయించిన భూమి. ఈ వార్తలు చూసి, చేతిలో పదో ఇరవయ్యో లక్షలున్న వాళ్లకు తట్టేవి దాదాపు ఒకటే: మధురవాడలో పీజీ హాస్టల్, ఆనందపురం దారిలో రెండొందల గజాల స్థలం, లేదంటే ఇంకో బిర్యానీ పాయింట్. తప్పేమీ లేదు. కాకపోతే అదే సాయంత్రం అదే వీధిలో ఇంకో పదిమందికి కూడా అదే తట్టి ఉంటుంది. ఏడాది తిరిగేసరికి హాస్టళ్లు ఎక్కువై, అద్దెలు తగ్గించుకోవడంలోనే పోటీ మొదలవుతుంది.

దీనికి విరుగుడుగా కాలేజీల్లో ‘లేటరల్ థింకింగ్’, అంటే అలవాటైన దారి వదిలి పక్కనుంచి ఆలోచించడం, నేర్పే వర్క్‌షాపులు పెడుతున్నారు. పిల్లలు గోడకు రంగురంగుల చీటీలు అంటిస్తారు, నవ్వుతారు, ఫొటో దిగుతారు. వింతగా ఆలోచిస్తే చాలు, కొత్త వ్యాపారం పుట్టేస్తుందన్న భ్రమ ఒకటి మిగులుతుంది. ఆ మాటను 1967లో ప్రచారంలోకి తెచ్చిన మాల్టా దేశపు వైద్యుడు ఎడ్వర్డ్ డి బోనో చెప్పింది వింతదనం గురించి కాదు. ఉన్న గొయ్యినే ఇంకా లోతుగా తవ్వితే వేరే చోట గొయ్యి పడదు అన్నాడాయన. నదిని పాడు చేసే ఫ్యాక్టరీ ఆయన తరచూ చెప్పే ఉదాహరణ. ఫ్యాక్టరీ తన దిగువన తానే ఉంటే? వినడానికి అర్థం లేని మాట. కానీ అందులోంచే ఒక నిబంధన తీయొచ్చు: ఫ్యాక్టరీ తనకు కావలసిన నీటిని తన వ్యర్థాలు కలిసే చోటికి దిగువనే తోడుకోవాలి. అప్పుడు నీటిని శుభ్రంగా వదలడం దాని సొంత అవసరం అవుతుంది. అందరూ ప్రశ్నించకుండా వదిలేసిన ఒక్క షరతును పట్టుకుని తిరగేయడం, అసలు పని అంతే.

ఆ పనికి మంచి నమూనా మన ఊళ్లోనే ఉంది. దాని గురించి స్టార్టప్ సభల్లో ఎవరూ మాట్లాడరు, బహుశా అందులో యాప్ లేదు కాబట్టి.

థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలిస్తే బూడిద గుట్టలుగా వస్తుంది. దాన్ని ఎక్కడ పోయాలి, గాలికి ఎగరకుండా ఎలా ఆపాలి, బూడిద చెరువు నిండితే ఇంకో చెరువుకు భూమి ఎక్కడ దొరుకుతుంది? ఆ రంగంలో వాళ్ల ప్రశ్నలన్నీ ఈ దారినే పోతాయి. విశాఖలో భానుమతీదాస్, కాళీదాస్ దంపతులు తమ ఇన్స్వారెబ్ పరిశోధన సంస్థ ద్వారా ఈ దారి వదిలి ఇటుక వైపు నుంచి వచ్చారు. బూడిద, సున్నం, జిప్సం తగిన పాళ్లలో కలిపి నీళ్లతో తడుపుతూ ఉంచితే ఆ మిశ్రమం సిమెంటులా గట్టిపడుతుంది. ఫాల్-జీ అని పేరు పెట్టారు. బట్టీ అక్కర్లేదు, కాల్చడానికి బొగ్గు అక్కర్లేదు, పొలం పైమట్టి తవ్వక్కర్లేదు. జిప్సం కూడా ఎరువుల ఫ్యాక్టరీలో మిగిలిపోయేదే వాడుకోవచ్చు. అంటే ముడిసరుకులో చాలా భాగం ఇంకొకరికి తలనొప్పి. చిన్న ప్రెస్సు పెట్టుకోగలిగిన ఎవరైనా ఈ వ్యాపారంలోకి రావచ్చు.

ఇంకో మలుపు నాకు మరీ నచ్చుతుంది. ఇటుక కాల్చలేదు కాబట్టి ఆ మేరకు కార్బన్ గాలిలోకి పోలేదు. ఆ పోనిదాన్ని లెక్కగట్టి, కార్బన్ తగ్గించిన వాళ్లకు డబ్బిచ్చే ప్రపంచ బ్యాంకు నిధి ద్వారా ఫాల్-జీ ఇటుకల తయారీదారులకు సొమ్ము వచ్చే ఏర్పాటు జరిగింది. ఇటుకతో పాటు, కాల్చకపోవడాన్ని కూడా అమ్మారన్నమాట!

అయితే ఈ కథను ఒక మెరుపు ఆలోచన కథగా చెప్పుకుంటే మోసపోతాం. ఆ ఇద్దరికీ సిమెంటు రసాయనశాస్త్రం తెలుసు. బూడిదలో ఏముందో తెలియని వాడికి ఎన్ని చీటీలు అంటించినా ఈ ఇటుక తట్టదు. పైగా ఎర్ర ఇటుకకు అలవాటు పడ్డ మేస్త్రీకి, ఇంటి యజమానికి ఈ బూడిదరంగు దాన్ని ఒప్పించాలి. ప్రభుత్వం చెయ్యి కూడా పడింది. కేంద్ర పర్యావరణ శాఖ 1999లో ఇచ్చిన నోటిఫికేషన్, థర్మల్ కేంద్రాల చుట్టూ 50 కిలోమీటర్లలో ఇటుకల తయారీకి బూడిద వాడకాన్ని తప్పనిసరి చేసింది. కనీసం పదేళ్లపాటు బూడిద ఉచితంగా ఇవ్వాలంది. పక్కకు దూకింది ఒక్కసారి, ఆ తర్వాత నడిచినదంతా తిన్నని దారే, అదీ ఏళ్ల తరబడి. ఈ రెండో భాగం వర్క్‌షాపుల్లో చెప్పరు.

బీచ్ రోడ్డులోని కురుసుర సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 2001లో నౌకాదళం నుంచి విరమించిన జలాంతర్గామిని ముక్కలు చేసి ఇనుము కింద అమ్మేయకుండా ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియం చేశారు. ఆ రోజుల్లో అది నిజంగా కొత్త ఊహ. 2017లో ఎదురుగా నౌకాదళపు పాత విమానం టీయూ-142 వచ్చింది. చూడదగ్గదే, కానీ అది మొదటి ఆలోచనకు నకలు. 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ ఓడ ‘ఎంవీ మా’ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొస్తే, వెంటనే దాన్ని రెస్టారెంట్ చేద్దామన్నారు. ప్రకటించినంత తేలిగ్గా ఆ పని సాగలేదు. ఓడ కనిపించగానే హోటల్ అనేయడంలో ఆలోచన కంటే అలవాటే ఎక్కువ. ముడసర్లోవ జలాశయం మీద 2018లో తేలిన 2 మెగావాట్ల సోలార్ పలకలు, 2021లో సింహాద్రి ఎన్టీపీసీ జలాశయం మీద వచ్చిన 25 మెగావాట్లు ఇంతకంటే గట్టి ఆలోచనలు. భూమి కొరత ఉన్న ఊళ్లో ఖాళీగా పడున్న నీటి పైభాగాన్ని ఎవరో స్థలంగా చూశారు.

నకళ్లకు మన వ్యవస్థే అలవాటు చేస్తుంది. లోన్ కోసం వెళితే బ్యాంకు మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న, ‘ఇలాంటిది ఇక్కడ ఎవరైనా నడుపుతున్నారా?’ నడుపుతున్నారంటే ధైర్యం, లేదంటే టెన్షన్. ఆయన్ని తప్పుపట్టలేం, ఆయన ఉద్యోగం ఆయనది. కొత్తగా చేద్దామనుకునేవాడు మాత్రం మొదటి మెట్టు చాలా చిన్నదిగా, సొంత డబ్బుతో పోయినా బతకగలిగేలా పెట్టుకోక తప్పదు.

ఫిషింగ్ హార్బర్ సంగతే చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలల గురించి మనం పరిహారం, మరమ్మతులు అన్న రెండు మాటల్లోనే ఆలోచిస్తాం. కానీ బోట్లు ఆగితే వాటికోసం నడిచే ఐస్ ఫ్యాక్టరీలకూ గిరాకీ పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఊరు మండిపోతుంటుంది, పెళ్లిళ్ల సీజన్ నడుస్తుంటుంది, రైతుబజారుకు వచ్చిన ఆకుకూర మధ్యాహ్నానికి వాడిపోతుంది, మల్లెలు సాయంత్రానికి రంగు మారతాయి. చేపల కోసం చేసిన ఐస్‌ను తినే సరుకుకు తాకించకూడదు, అది నిజం. తాకకుండా మూసిన డబ్బాల్లో పెట్టి, చల్లదనాన్ని మాత్రం రోజువారీ అద్దెకిస్తే? ఐస్ దిమ్మ అమ్మే వ్యాపారం కాస్తా పెట్టె అద్దెకిచ్చే వ్యాపారం అవుతుంది. కరెంటు బిల్లు, ఆటో కిరాయి, పెట్టెల ఖరీదు కలిపి లెక్క వేస్తే ఇది నిలవకపోవచ్చు కూడా. పది పెట్టెలతో ఒక్క రైతుబజారులో ఒక్క మే నెల చేసి చూస్తే తేలిపోతుంది.

మళ్లీ డేటా సెంటర్ల దగ్గరికే వస్తే, వాటి చుట్టూ హాస్టళ్లు కట్టేవాళ్లు వాటి లోపలి నుంచి ఏం బయటికొస్తుందో అడగడం లేదు. లోపల ఆగకుండా నడిచే వేల కంప్యూటర్ల నుంచి రాత్రీ పగలూ వచ్చేది వేడి. ఫిన్లాండ్, స్వీడన్‌లలో ఆ వేడితో ఇళ్లు వెచ్చబెట్టుకుంటున్నారు. విశాఖలో ఆ మాటంటే జనం నవ్వుతారు. కానీ భీమిలి తీరంలో నెత్తళ్లు ఎండబెట్టే ఆడవాళ్లు నవ్వరు. వాన పట్టిందంటే ఇసుక మీద పోసిన సరుకు కుళ్లిపోతుంది, తడిసిన చేపను అడిగిన ధరకు ఇచ్చేయాలి. జూలై, ఆగస్టుల్లో వాళ్లకు కావలసింది ఒక కప్పు కింద ఆగకుండా వీచే వేడిగాలి. డేటా సెంటర్ నుంచి వచ్చే వేడి మరీ ఎక్కువ ఉండదు, మన తీరంలో తేమ ఎక్కువ, గొట్టం వేయడానికి దూరం అడ్డు. చేపలే కాదు, మిరపకాయలో పసుపో అయితే ఇంకా మేలేమో కూడా చూడాలి. గంపెడు నెత్తళ్లు ఎంత వేడికి ఎన్ని గంటల్లో ఎండుతాయో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ విద్యార్థులు ఒక చిన్న షెడ్డులో హీటరు, ఫ్యాను పెట్టి కొలవగలరు. ఆ అంకెలు చేతిలో ఉంటే కంపెనీ వాళ్లను కదపొచ్చు, అదీ భవనాల డిజైన్లు గీస్తున్న దశలోనే. కట్టడం పూర్తయ్యాక గొట్టం కోసం గోడ పగలగొట్టమంటే ఎవరూ ఒప్పుకోరు.