బడికిచ్చిన డబ్బు అడవికీ పనికొస్తుంది
జంతువుల కోసం ఇచ్చిన విరాళాన్ని బడులకు మళ్లించకూడదని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాట నేను ఒప్పుకోను. కెన్యాలోని లేవా సంరక్షణ కేంద్రాన్నే చూడండి. ఖడ్గమృగాలను కాపాడే ఆ సంస్థే చుట్టుపక్కల బడులకు సాయం చేస్తుంది, పిల్లలకు స్కాలర్‌షిప్పులిస్తుంది. 2000లో మొదలైన అక్కడి మారథాన్ విరాళాలు కూడా రెండింటికీ వెళ్తాయి. నైరోబీలో ఉద్యోగం చేసేటప్పుడు ఆ వైపు ఊళ్లు తిరిగాను. రాత్రికి రాత్రే ఏనుగులు తొక్కేసిన మొక్కజొన్న చేలో ఒకావిడ విరిగిన కంకులు ఏరుకుంటోంది. పిల్లల ఫీజులకు ఆ పంటే ఆధారం. ఏనుగు వల్ల చదువు ఆగిపోయిన ఇంటికెళ్లి ఏనుగును కాపాడమంటే ఎవరు వింటారు? అదే ఏనుగుల పేరు మీద బడికి బెంచీలు వస్తే, వేటగాళ్ల జాడ తెలియగానే రేంజర్లకు ఫోన్ చేసేది ఆ ఊరివాళ్లే. కాకపోతే ఏ బడికి ఎంత ఇచ్చారో దాతలకు ఏటా లెక్క చెప్పాలి.