వాటర్లూ మైదానంలో పులుసు

వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయిన వైనాన్ని ఫ్రెంచి కవి విక్టర్ హ్యూగో 1853లో గుండె కరిగేలా కవిత్వం చేశాడు. ‘వాటర్లూ! వాటర్లూ! వాటర్లూ! దిగులు మైదానమా!’ అనే ఆ పాదం ఫ్రెంచివాళ్ల నోళ్లలో నానిపోయింది. 1979లో వచ్చిన ‘బెల్జియంలో ఆస్టెరిక్స్’ అనే ఫ్రెంచి కామిక్‌లో ఆ పాదమే వంటింట్లోకి దూరింది. బెల్జియంలో ‘వాటర్‌జూయి’ అని ఒక పులుసు ఉంది. వాటర్లూ పోయి వాటర్‌జూయి వచ్చింది. మైదానానికి ఫ్రెంచిలో ‘ప్లేన్’, వంటకానికి ‘ప్లా’. అంతే, దిగులు మైదానం కాస్తా దిగులు వంటకం అయింది!

హ్యూగోకి ఇది అవమానమా? నన్నడిగితే కనకాభిషేకం కంటే గొప్ప సత్కారం. అసలు పాదం కంఠతా రానివాడు ఈ జోకుకి నవ్వలేడు. ఈ కామిక్ గోసినీ రాసిన చివరి ఆస్టెరిక్స్ కథ. అదే పుస్తకంలో బొమ్మలేసిన ఉడెర్జో విందు సన్నివేశాన్ని బ్రూగెల్ గీసిన పల్లె పెళ్లి చిత్రంలా దించాడు. సినిమాలనూ ఈ జంట వదల్లేదు. ఎలిజబెత్ టేలర్ ‘క్లియోపాత్ర’ భారీతనాన్ని ఎగతాళి చేస్తూ తమ క్లియోపాత్ర ఆల్బమ్ అట్ట మీద 14 లీటర్ల ఇండియన్ ఇంకు, 30 కుంచెలు, 62 పెన్సిళ్లు ఖర్చయ్యాయని డప్పు కొట్టుకున్నారు. గోత్లిబ్, అలెక్సీ అనే మరో ఫ్రెంచి కామిక్ జంట అయితే ‘సినేమాస్టాక్’ పేరుతో క్లాసిక్ నవలలు, సినిమాల మీద ఏకంగా ఒక శీర్షికే నడిపారు.

పిల్లలు బొమ్మలు చూసి నవ్వేసి అసలు పుస్తకం ముట్టుకోరని పెద్దలు బెంగపడతారు. వెక్కిరింత పుట్టకముందు వాళ్లంతా హ్యూగోని చదివి తరించారా ఏమిటి!

ఫ్రాన్స్‌లో ఈ వెక్కిరింతకు చట్టమే కాపలా. అచ్చయిన రచన మీద పేరడీ, అనుకరణ, వ్యంగ్యచిత్రం వస్తే, ఆ ప్రక్రియ మర్యాదలో ఉన్నంతవరకు రచయిత అడ్డుకోలేడని 1957 మార్చి చట్టం చెప్పింది. తమాషా చూడండి, మన కాపీరైట్ చట్టం కూడా 1957దే. అందులో విమర్శకి, సమీక్షకి చోటుంది, పేరడీ అన్న మాట మాత్రం లేదు. ఒక మలయాళ నాటకానికి ప్రతినాటకం వస్తే, 1996లో కేరళ హైకోర్టు ఆ విమర్శ తలుపులోంచే దాన్ని లోపలికి రానివ్వాల్సి వచ్చింది.

చట్టం సంగతి సరే, మనకి ఈ సరదా కొత్తదా? శ్రీశ్రీ ‘నవకవిత’లో సింధూరం, రక్తచందనం అంటే జరుక్ శాస్త్రి తన పేరడీలో మాగాయ, కందిపచ్చడి వడ్డించాడు. హ్యూగోకి పులుసు, శ్రీశ్రీకి ఊరగాయ! ఫ్రెంచి పిల్లాడు ఆ పులుసుకి ఇవాళ్టికీ నవ్వుతాడు. మన ఇంజినీరింగ్ కుర్రాడికి మాగాయ దగ్గర నవ్వు రావాలంటే ముందు రక్తచందనం తెలియాలి. ఇంటర్‌లో తెలుగు బదులు మార్కుల కోసం సంస్కృతం ఇప్పించింది మనమే కదా.