ముందు కుర్చీ చూపించండి

నల్లమల అడవిలో, అమ్రాబాద్ దిక్కు ఒక ఆఫీసులో మా విలేకరి కళ్లారా చూసిన సంగతి ఇది. పెంట (అడవిలోని చెంచుల గూడెం) నుంచి వచ్చిన చెంచు పెద్దాయన గడప బయటే చెప్పులు విడిచి, గోడకు ఆనుకొని నిలబడ్డాడు. లోపల రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చాలాసేపటికి కుర్ర ఉద్యోగి ఒకరు తలెత్తకుండానే "ఏయ్, ఏం కావాలె?" అన్నారు. పెద్దాయన చేతిలోని కాగితం మడత కూడా విప్పలేదు. "మళ్ల వస్త" అని వెళ్లిపోయాడు.

ఆ ఉద్యోగి చెడ్డవాడని మేం అనడం లేదు. ఫైలు ఎలా నడపాలో, ఆన్‌లైన్‌లో ఎలా ఎక్కించాలో అతనికి నేర్పారు. మనిషిని ఎలా పలకరించాలో ఎవరూ నేర్పలేదు. మన పల్లెల్లో "తాతా, నువ్వు కూసో" అంటే ఆప్యాయత. అదే ‘నువ్వు’ మొహం చూడకుండా అంటే ఈసడింపు. ఈ తేడా చెంచులకు, లంబాడాలకు బాగా తెలుసు. తరాలుగా వాళ్లు ఎక్కువగా విన్నది రెండోదే.

దేవరకొండ తండాల నుంచి ఆస్పత్రికి వచ్చే ముసలమ్మల సంగతి చూడండి. లంబాడాల భాష గోర్‌బోలీ తప్ప మరో భాష సరిగా రాని అవ్వ వెంట పదేళ్ల మనవరాలు వస్తుంది. అవ్వ బాధను ఆ పిల్లే తెలుగులో డాక్టరుకు చెప్పాలి. ఆడవాళ్ల జబ్బు గురించి పసిపిల్ల ముందు ఏ అవ్వ నోరు తెరుస్తుంది? నర్సు "రాం రాం, యాడీ (అమ్మా)" అని పలకరించి, నొప్పి, జ్వరం, రక్తం లాంటి పది మాటలు నేర్చుకుంటే ఆ పిల్లను కాసేపు బయట కూర్చోబెట్టొచ్చు.

వకీళ్లకూ ఇది వర్తిస్తుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం గిరిజనులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. కానీ వకాలత్ మీద వేలిముద్ర వేయించుకునే ముందు అందులో ఏముందో చదివి వినిపించేవాళ్లు ఎంతమంది? వాయిదా ఎందుకు పడిందో చెప్పకపోతే ఆ క్లయింటుకు దక్కేది కూలి పోయిన రోజు, బస్సు ఖర్చు.

నల్లమల మనుషులు కొత్తవాళ్లను చూసి వెనక్కి తగ్గితే దాన్ని మొండితనం అనుకోవద్దు. 2019లో యురేనియం అన్వేషణ మాట వినిపించినప్పుడు ఈ అడవి ఎంత టెన్షన్ పడిందో అందరం చూశాం. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసేదాకా పెంటల్లో కంటి మీద కునుకు లేదు. ఆ తర్వాత జీపు దిగి ఫైలు తెరిచే ప్రతి మనిషి మీదా అనుమానం రావడం సహజం. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు పెద్దపీట వేసింది. గ్రామసభ అంటే సంతకాల పుస్తకం తిప్పడం కాదని, జనం తమలో తాము మాట్లాడుకునేదాకా ఆగడమని కొత్త ఉద్యోగికి చెప్పాలి.

అందుకే ఈ ప్రాంతానికి పోస్టింగ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ చార్జి తీసుకునే ముందే శిక్షణ ఇవ్వాలని మేం కోరుతున్నాం. బీట్ ఆఫీసరు, ఏఎన్ఎం, టీచరు, బ్యాంకు క్లర్కు, యువ న్యాయవాది అందరూ రావాలి. హైదరాబాద్‌లో ఏసీ హాలు, స్లైడ్లతో ఇది అయ్యే పని కాదు. కొన్ని రోజులు అప్పాపూర్ లాంటి పెంటలో, కొన్ని రోజులు తండాలో ఉండాలి. పాఠం చెప్పేది అక్కడి పెద్దలే, ఆడవాళ్లే. మన్ననూర్‌లోని ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పూనుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు. ఒక్క మాట మాత్రం ఇప్పుడే రాసి పెట్టాలి: బయటి నిపుణుడికి గంటకు ఎంత గౌరవ వేతనం ఇస్తారో, ఆ చెంచు పెద్దకూ అంతే ఇవ్వాలి, ఆ రోజే, చేతికి.